గెయిన్ తగ్గించాక మాట తేటపడింది

హ్యామ్ రేడియో (అభిరుచిగా నడిపే రేడియో) లైసెన్సు చేతికి వచ్చిన తరువాత చాలాకాలం పాటు నేను ఆర్.ఎఫ్. గెయిన్ నాబ్‌ను, అంటే యాంటెన్నా నుంచి వచ్చే సిగ్నలును రిసీవరు ఎంత పెంచాలో నిర్ణయించే నాబ్‌ను, ముట్టుకోనేలేదు. అది కుడివైపు చివరిదాకా తిరిగి ఉంటేనే రేడియో బాగా పట్టుకుంటుందనీ, వినబడకపోతే వాల్యూమ్ పెంచుకోవడం తప్ప మార్గం లేదనీ నమ్మేవాణ్ణి. అనంతపురంలో మా మిద్దె మీద నలభై మీటర్ల బ్యాండు (7 మెగాహెర్ట్జ్ ప్రాంతం) కోసం కట్టిన డైపోల్ అనే తీగ యాంటెన్నా పొడవు సుమారు 20 మీటర్లు. వీధిలోని ఇన్వర్టర్ల, ఎల్‌ఈడీ దీపాల రొద అంతా దాని గుండానే లోపలికి వస్తుంది.

ఒక సాయంత్రం 7.1 మెగాహెర్ట్జ్ దగ్గర ఒకాయన మాట్లాడుతుండగా సిగ్నలు బలాన్ని చూపే ఎస్-మీటరును పరిశీలనగా చూశాను. ఆయన గొంతు ఎస్9 దాటి 10 డెసిబెళ్ల వద్ద ఉంది. ఆయన ఊపిరి తీసుకోవడానికి ఆగినప్పుడల్లా ముల్లు ఎస్7కు పడిపోతున్నా, రొద మాత్రం మాటతో సమానంగా చెవిలో హోరెత్తుతోంది. ఇది రిసీవరులోని ఏ.జి.సి. (ఆటోమేటిక్ గెయిన్ కంట్రోల్) పని. సిగ్నలు తగ్గిన వెంటనే అది రిసీవరు గెయిన్‌ను తనంతట తానే పెంచి, అడుగున ఉన్న రొదను పైకి లాగుతుంది.

అప్పుడు ఆర్.ఎఫ్. గెయిన్‌ను మెల్లగా ఎడమవైపుకు తిప్పాను. చాలా సెట్లలో మాదిరిగానే నా సెట్లో కూడా అలా తగ్గించినప్పుడు ముల్లు కిందికి రాకుండా పైకి లేస్తుంది. అది ఎస్9 దగ్గర నిలిచేదాకా తిప్పి ఆపాను. ఒక ఎస్ యూనిట్ అంటే 6 డెసిబెళ్లు కనుక ఎస్7లో ఉన్న రొద ఆ గీతకు 12 డెసిబెళ్లు కింద ఉండిపోయింది, ఏ.జి.సి. ఇక దాన్ని పైకి లాగలేదు. మాట సాగుతున్నంతసేపు సిగ్నలుకు, రొదకు మధ్య నిష్పత్తి ఏమీ మారదు, ఆ మాట ఒప్పుకోవాలి. కానీ పదానికీ పదానికీ నడుమ నిశ్శబ్దం దొరికేసరికి చెవికి ప్రాణం లేచివచ్చినట్లయింది.

ఈ బ్యాండులో ప్రీ-ఆంప్ (సిగ్నలును ముందుగానే పెంచే భాగం) అవసరం దాదాపు రాదని నా అభిప్రాయం. యాంటెన్నా కేబులు పీకి చూడండి: రొద ఒక్కసారిగా పడిపోతే, రిసీవరు వినికిడి శక్తి చాలినంత ఉన్నట్లే. రాత్రిపూట 7.2 మెగాహెర్ట్జ్ పైన ప్రసార కేంద్రాలు బలంగా వచ్చి లేని సిగ్నళ్లను పుట్టిస్తున్నప్పుడు, 10 డెసిబెళ్ల అటెన్యుయేటర్ (సిగ్నలును తగ్గించే భాగం) వేస్తే అసలు సిగ్నలు 10 డెసిబెళ్లే తగ్గుతుంది, అలా పుట్టిన మూడో తరగతి కల్తీ సిగ్నళ్లు 30 తగ్గుతాయి. ఈ బేరంలో నష్టం లేదు.

అయితే బలహీనమైన స్టేషన్ కోసం వెతికేటప్పుడు గెయిన్‌ను తిరిగి పెంచుకోవాలి. మొన్న తెల్లవారుజామున బ్యాండు మొత్తం మూగబోయిందనుకొని, తీగ ఎక్కడో తెగిందని టార్చిలైటు పట్టుకొని మిద్దె ఎక్కి, రెండు కొసలూ తడిమి చూసి వచ్చాను. ముందు రాత్రి తిప్పిన నాబ్ ఎడమ చివరన అలాగే ఉంది.