మామ ఫ్లాస్కూ, శ్రీసిటీ గేటూ

మొన్న ఆదివారం బంగారుపాళెం పోయింటి, మామ వాళ్ళింటికి. తోటకాడికి టీ తీసకపోను కొత్త స్టీలు ఫ్లాస్కు కొందామని చిత్తూరు పోయి, రేటు విని ఊరికే తిరిగొచ్చేసినాడంట. నన్ను చూడంగానే "నువ్వు శ్రీసిటీలో కదా అల్లుడా పనిచేసేది, ఆడ సుంకాలే లేవంట కదా, ఒకటి తెచ్చీరాదా" అన్నాడు. శ్రీసిటీ అంటే సత్యవేడు కాడ ఫ్యాక్టరీలూ గోడౌన్లూ ఉండే పారిశ్రామిక నగరం. ఈ మాట నాకు కొత్తేం కాదు, పెళ్ళికి పోయినా చావుకి పోయినా ఎవరో ఒకరు అడగతానే ఉంటారు.

ఫ్లాస్కు సంగతి ముందు చెప్తా. 2025 మార్చిలో చైనా నుంచి వచ్చే వాక్యూమ్ ఫ్లాస్కుల మీద టన్నుకి 1,732 డాలర్లు యాంటీ డంపింగ్ డ్యూటీ, అంటే డంపింగ్ సరుకు మీద వేసే అదనపు సుంకం, వేసినారు, అయిదేళ్ళకి. టన్ను అంటే మనకి తెలీదు గానీ అరకేజీ ఫ్లాస్కు అనుకోండి, దానికి 75 రూపాయల దాకా పడుతుంది, దాని మీద మళ్ళీ ఐజీఎస్టీ, అంటే దిగుమతి సరుకు మీద పడే జీఎస్టీ. "చైనావాడికి పన్నేసినారు" అని అంటారు గానీ కట్టేది చైనావాడు కాదు, ఇక్కడ దించుకునేవాడు, వాడు అంగడివాడి మీద వేస్తాడు, అంగడివాడు మా మామ మీద.

ఇంకోటి, చౌకగా అమ్మినంత మాత్రాన డంపింగ్ కాదు. వాడి దేశంలో వంద రూపాయలకి అమ్మే సరుకుని ఇక్కడికి డెబ్బైకి పంపితే డంపింగ్, అది కూడా దానివల్లే ఇక్కడి ఫ్యాక్టరీలు దెబ్బతిన్నాయని ఢిల్లీలో డీజీటీఆర్ అని వాణిజ్య శాఖ కింద ఉండే సంస్థ విచారణలో తేలాలి, తేలినా వాళ్ళు సిఫారసు మాత్రమే చేస్తారు, వేసేది ఆర్థిక శాఖ, ఒక్కోసారి వేయకుండా వదిలేస్తుంది కూడా.

ఇది చెప్తే మామ టక్కున "మన బెంగుళూర కాయ మాదిరే కదరా" అన్నాడు. బెంగుళూర కాయంటే తోతాపురి మామిడి. 2025 జూన్‌లో దాని రేటు పడిపోయి, కర్ణాటక కాయ మన జిల్లాలోకి రాకుండా కలెక్టరు ఆపినాడు, సిద్ధరామయ్య చంద్రబాబుకి లెటరు కూడా రాసినాడు గుర్తుందా, ఫ్యాక్టరీ 8, ప్రభుత్వం 4, మొత్తం కిలోకి 12 రూపాయలు అన్నారు. మామ బాధ నిజమే, లోడు ట్రాక్టరు మీదే ఎండిపోతా ఉంటే ఎవరికైనా కడుపు మండుతుంది. కానీ అది డంపింగ్ కాదు మామా అన్నా. ఒకే దేశం లోపల ఈ చట్టం రాదు, పైగా కోలారు రైతు వాళ్ళూర్లో ఎక్కువకి అమ్మి మనకి తక్కువకి ఇచ్చిందేం లేదు, వాడికీ మన పల్ప్ ఫ్యాక్టరీలే దిక్కు. మామకి నచ్చలా.

ఇంక శ్రీసిటీ. మొత్తం శ్రీసిటీ అంతా సెజ్, అంటే సుంకాల మినహాయింపు ఉండే ప్రత్యేక ఆర్థిక మండలి అనుకుంటారు, కాదు, అందులో మామూలు డ్యూటీలు కట్టే డొమెస్టిక్ జోన్ ఉంది, ఫ్రీ ట్రేడ్ వేర్‌హౌసింగ్ జోన్ ఉంది, నేను ఆ వేర్‌హౌస్ జోన్‌లోనే ఒక గోడౌన్‌లో కాగితాల పని. మా గేటు లోపల ఉన్నంతసేపు సరుకు కస్టమ్స్ లెక్కలో ఇంకా దేశంలోకి రానట్టే. మళ్ళీ విదేశానికి పోతే డ్యూటీ లేదు. అదే పెట్టె సత్యవేడు రోడ్డెక్కాలంటే బిల్ ఆఫ్ ఎంట్రీ అనే దిగుమతి కాగితం వేయాలి, యాంటీ డంపింగ్‌తో సహా కట్టాలి. సెజ్‌లో దాన్ని కరిగించి వంచి వేరే వస్తువు చేసి బయటికి అమ్మినా తప్పదు, వాడిన ముడిసరుకు ఎంతో అంతకి డ్యూటీ పడేట్టు 2021లో చట్టం బిగించినారు. అమెరికాలో 1934 నుంచే ఇట్లాంటి జోన్లకి చట్టముంది, అక్కడా యాంటీ డంపింగ్ ఉన్న సరుకు లోపలికి పోయేటప్పుడే దాని రకం ఖాయం చేసేస్తారు, లోపల ఏం చేసినా మారదు.

నాకిది దెబ్బ తగిలి తెలిసింది. కొత్తలో ఒక లోడుకి ఓడ ఎక్కిన పోర్టు మలేషియా అని ఉంటే మలేషియా సరుకే అనుకోని బిల్లు వేసేసినా. మూడోరోజు మా మేనేజరు నన్ను గోడౌన్‌లోకి పిలిచి అట్టపెట్టె తిప్పి చూపించినాడు, టేపు కింద సగం కనపడతా మేడిన్ చైనా. ఓడ మలేషియాలో మారిందంతే, డ్యూటీ చూసేది సరుకు పుట్టిన దేశాన్ని. వడ్డీతో కట్టినాం, ఆ నెల నాతో సరిగ్గా మాట్లాడలేదు ఆయన.

మామ అంతా విని "అయితే తేలేవంటావ్" అని లేచి, పాత ఫ్లాస్కు మూతకి గుడ్డపేలిక చుట్టి బిగించినాడు. తోటకాడికి పోయేలోపల సగం టీ కారిపోయింది.