పాట తిరిగొచ్చినప్పుడు

మంచి సంగీత నాటకం (ఇంగ్లీషులో 'మ్యూజికల్' అనేది) చూసొచ్చిన నాలుగైదు రోజులకి, మెట్లు ఎక్కుతూనో బట్టలు మడతపెడుతూనో ఉండగా ఒక బాణీ ముక్క నోట్లో మెదులుతుంది. మాటలు గుర్తుండవు, సన్నివేశం కూడా సరిగ్గా గుర్తుండదు. ఏడుపొచ్చినట్టు గొంతు మాత్రం పట్టేస్తుంది. కొందరికి ఇది వారాల పాటు ఉంటుంది, కొందరికి ఏళ్ల తరబడి. చాలామంది దీన్ని 'స్టేజీ మాయ' అని వదిలేస్తారు. ఆ మాటతో నాకు పేచీ ఉంది. ఆ కన్నీటి వెనక ఎంతోమంది కొలిచి, కత్తిరించి, అతికిన పని ఉంది. ఆ పని తెలిసినవాళ్లకి అనుభవం పలచబడదు, ఇంకా చిక్కబడుతుంది.

ఆ పనిలో అన్నిటికన్నా బలమైనది పాట తిరిగి రావడం. స్టేజీవాళ్లు దీన్ని రిప్రైజ్ అంటారు. రెండున్నర గంటల నాటకంలో మొదటి పావుగంట, ఇరవై నిమిషాల లోపే ప్రధాన పాత్ర తనకేం కావాలో పాడి చెబుతుంది. మూడు నాలుగు నిమిషాల పాట, అందులో పల్లవి మూడుసార్లయినా వస్తుంది. పాట అయ్యేసరికి మనకి తెలియకుండానే బాణీ వచ్చేసి ఉంటుంది. తర్వాత చాలాసేపు ఎవరూ దాన్ని పాడరు. ఏదో సంభాషణ కింద ఒక్క క్లారినెట్ మీదో చెల్లో మీదో నాలుగు ఆవర్తనాలు వినిపించి మాయమవుతుంది. పాత్రలు మామూలు విషయాలు మాట్లాడుకుంటుంటే, వాద్యం మాత్రం ఆ మనిషి కోరుకున్నదాన్ని గుర్తుచేస్తూ ఉంటుంది. ఇక రెండో అంకంలో, అంతా తలకిందులయ్యాక, అదే బాణీ గొంతులోకి తిరిగొస్తుంది.

లండన్‌లో 1985లో ఇంగ్లీషులో తెరలేచిన 'లే మిజరాబ్' ఇందుకు గొప్ప పాఠం. మొదటి అంకంలో ఫాంటీన్ అనే తల్లి చావు మంచం మీద కూతుర్ని పిలుస్తూ ఒక వరసలో పాడుతుంది. రెండో అంకంలో ఎపొనీన్ అనే అమ్మాయి, ప్రేమించినవాడు తనది కాడని తెలిసి, చీకటి వీధిలో ఒంటరిగా పాడుకునే పాటది అదే వరస. ఆఖర్న, ముసలివాడైన కథానాయకుడు వాల్‌జాన్ ప్రాణం పోయే వేళ ఫాంటీన్ ఆత్మగా వచ్చి అదే వరసలో అతన్ని రమ్మంటుంది, ఎపొనీన్ ఆమెతో గొంతు కలుపుతుంది. ఈ మూడూ ఒకటేనని మొదటిసారి చూసేవాళ్లలో ఎక్కువమందికి తట్టదు. చెవికి మాత్రం తెలుసు. తల్లి ఎదురుచూపు, ఆ పిల్ల ఒంటరితనం, ముసలాయన విముక్తి ఒకదాని మీద ఒకటి పొరలుగా పేరుకుని, ఆ చివరి పది నిమిషాల్లో ఒక్కసారే మీద పడతాయి. అప్పుడు ఏడ్చేది ఆ ఒక్క సన్నివేశానికే కాదు, అప్పటిదాకా ఆ బాణీ మోసుకొచ్చిన వాటన్నిటికీ.

తిరిగొచ్చే పాట మొదటి పాటలా ఉండకూడదు. నడక నెమ్మదిస్తుంది, ఇరవై వాద్యాలు మోగిన చోట రెండు మూడే మిగులుతాయి, ఒక్కోసారి శ్రుతి మారుతుంది. అన్నిటికన్నా ముఖ్యం, పొట్టిగా ఉండాలి. మొదట నాలుగు నిమిషాలు సాగింది రెండోసారి ఒక్క నిమిషంలో, అదీ చివరి పాదం పూర్తి కాకుండా ఆగిపోవచ్చు. మిగిలింది చూసేవాడు లోపల తనే పాడుకుంటాడు. తను పూర్తి చేసుకున్న పాట కాబట్టే అది తనతో ఇంటికొస్తుంది. ఈ లెక్క తప్పిన నాటకాలు బోలెడు. హిట్టయ్యే పాట కదా అని దాన్ని నాలుగైదుసార్లు నిండుగా పాడిస్తారు, పాత్ర పరిస్థితేమో మారదు. మూడోసారికి చెవి అలిసిపోతుంది. అర్థం మారకుండా బాణీ తిరిగి రావడం వల్ల జ్ఞాపకం బలపడుతుందేమో గానీ, గుండె కదలదు.

కర్ణాటక స్వరాలు తెలిసినవాళ్లకి ఇంకో ఉదాహరణ ఇంకా బాగా తగులుతుంది. ముఠా తగాదాల మధ్య నడిచే ప్రేమకథ, 1957 నాటి 'వెస్ట్ సైడ్ స్టోరీ'లో నాయకుడు ప్రేయసి పేరు మొదటిసారి పాడినప్పుడు బాణీ షడ్జమం నుంచి ప్రతిమధ్యమానికి దూకి, అక్కడ ఒక్క క్షణం తడబడి, పంచమం మీద వాలుతుంది. స, మ, ప, అంతే. ప్రతిమధ్యమం దగ్గరున్న తపన పంచమం తాకగానే తీరుతుంది. స్వరాల ఆ గెంతు నాటకం నిండా ఎక్కడెక్కడో దాక్కుని ఉంటుంది, కొట్లాటల్లో కూడా. ముగింపులో పై వాద్యాలు షడ్జమం ఆధారంగా ప్రశాంతమైన స్వరసముదాయం వాయిస్తుంటే, అడుగున మంద్ర వాద్యాలు ప్రతిమధ్యమాన్ని మోగిస్తాయి. ఈసారి అది పంచమానికి ఎక్కదు. శాంతి వచ్చినట్టే ఉంటుంది, కింద ఏదో కలుక్కుమంటూ ఉంటుంది. ఆ నాటకం చూసినవాళ్లు బరువుగా బయటికి రావడానికి కథ ఎంత కారణమో, పైకి ఎక్కకుండా ఆగిపోయిన ఆ ఒక్క స్వరమూ అంతే కారణం.

చప్పట్ల సంగతి కూడా చెప్పాలి. పాట చివర ఠప్పున పడే దెబ్బని 'బటన్' అంటారు. అదే క్షణంలో లైటు మారుతుంది, నటి చెయ్యి ఆగిపోతుంది, హాలంతా చప్పట్లు కొడుతుంది. చప్పట్లంటే లోపల నిండినది బయటికి పోవడం. ఉత్సాహం నింపే పాటకి అది కావాలి. దుఃఖం మోసే పాటకి మాత్రం తెలిసిన సంగీత దర్శకులు బటన్ పెట్టరు. ఆఖరి స్వరం కిందినుంచే తర్వాతి సన్నివేశం సంగీతం మొదలవుతుంది, చప్పట్లు కొట్టడానికి సందు దొరకదు. నిండినది లోపలే ఉండిపోతుంది. ఇంటికొచ్చాక రోజుల తరబడి వెంటాడేవి ఎక్కువగా ఇలాంటి పాటలేనని నా నమ్మకం.

తిరిగొచ్చే బాణీకున్న బలానికి శరీరం వైపు నుంచి కూడా ఆధారం ఉంది. మాంట్రియల్‌లోని మెక్‌గిల్ విశ్వవిద్యాలయ పరిశోధకులు 2011లో, సంగీతం వింటే ఒళ్లు జలదరించే మనుషుల మెదళ్లను వాళ్లకి ఇష్టమైన సంగీతం వినిపిస్తూ పరీక్షించారు. ఆనందంతో ముడిపడ్డ డోపమైన్ అనే మెదడు రసాయనం రెండు విడతలుగా విడుదలైంది. జలదరింపుకి కాస్త ముందు, 'వస్తోంది, వస్తోంది' అన్న ఎదురుచూపులో మెదడులో ఒక చోట. జలదరించిన క్షణంలో మరో చోట. ఎదురుచూడాలంటే వచ్చేది ఏమిటో ముందే కొంత తెలియాలి. విడిగా విన్న పాటతో ఆ చనువు ఏర్పడటానికి నెలలు పట్టొచ్చు. సంగీత నాటకం దాన్ని ఒక్క సాయంత్రంలో ఏర్పరచి, అదే సాయంత్రం వాడుకుంటుంది.

మరి అదే పాటలు రికార్డింగులో వింటే ఇంత తగలదెందుకు? సగం జవాబు ధ్వనిలో ఉంది. శబ్దం గాలిలో సెకనుకి దాదాపు 343 మీటర్లు వెళుతుంది. స్టేజీకి ఇరవై మీటర్ల దూరంలో కూర్చున్నవాళ్లకి నటి అసలు గొంతు చేరడానికి 58 మిల్లీసెకన్లు పడుతుంది. మైకు నుంచి స్పీకరుకి వెళ్లే సంకేతానికి ఆ ఆలస్యం లేదు. అలాగే వదిలేస్తే పక్కగోడ స్పీకరు గొంతు ముందు చేరి, పెదాలు స్టేజీ మీద, గొంతు గోడలో ఉన్నట్టవుతుంది. మన చెవి ముందు చేరిన శబ్దం ఎటునుంచి వస్తే మనిషి అక్కడే ఉన్నాడనుకుంటుంది. అందుకే సౌండ్ డిజైనర్లు స్పీకర్లను కావాలనే ఆలస్యం చేస్తారు, అసలు గొంతు చేరాక పది ఇరవై మిల్లీసెకన్లకి స్పీకరు గొంతు చేరేలా. గొంతు పెద్దదవుతుంది, మనిషి నోటినుంచే వస్తుంది. ఈ లెక్క కుదరని హాల్లో నటి ఎంత బాగా పాడినా మనం మాత్రం దూరంగానే ఉండిపోతాం, ఎందుకో తెలియదు.

మైకుల పని ఇంతకన్నా సున్నితం. బియ్యపు గింజంత మైకు నుదుటి పైన జుట్టు అంచులో దాగి ఉంటుంది. ఇద్దరు ప్రేమికులు కౌగిలించుకుని పాడుతుంటే ఒకరి గొంతు ఇద్దరి మైకుల్లోనూ వెంట్రుకవాసి తేడాతో పడి, డొల్లగా, గొట్టంలోంచి వచ్చినట్టు మారుతుంది. అందుకని మిక్సింగ్ బల్ల దగ్గర ఉన్నవాళ్లు ఆ కౌగిలి క్షణంలో ఒక మైకు మూసేసి, ఇద్దరినీ ఒకే మైకుతో నడిపిస్తారు. ప్రతి నటుడి మైకూ అతని మాట వచ్చేటప్పుడే తెరుచుకుంటుంది, మాట అవగానే మూసుకుంటుంది. రెండున్నర గంటలూ వేళ్లతో చేసే పని ఇది. అర సెకను ఆలస్యమైతే పాటలో మొదటి అక్షరం పోతుంది. చెమట మైకులోకి దిగితే గొంతు మొద్దుబారుతుంది, అందుకే ప్రధాన పాత్రలకి తరచు రెండో మైకు కూడా పెడతారు.

మిగతా సగం జవాబు ఊపిరిలో ఉంది. స్టేజీ ముందు ఆర్కెస్ట్రా కూర్చునే గుంటలో నిలబడి వాద్యకారుల్ని నడిపించే కండక్టరు, నటి ఊపిరి తీసుకోవడం చూసి చెయ్యి ఎత్తుతాడు. ఆమె కళ్లు తుడుచుకోవడానికి రెండు క్షణాలు ఎక్కువ తీసుకుంటే, ఆర్కెస్ట్రా ఒకే చిన్న ముక్కని మళ్లీ మళ్లీ వాయిస్తూ ఆగుతుంది. దాన్ని వ్యాంప్ అంటారు. నాట్యాల దగ్గర చెవిలో లయ చూపే 'క్లిక్' శబ్దం పెట్టుకుని నడిపే ప్రదర్శనల్లో కూడా పతాక సన్నివేశాల పాటల్ని చాలాసార్లు స్వేచ్ఛగా వదిలేస్తారు. ఆ పాటల్లో వచ్చే నిశ్శబ్దం ఎంతసేపు ఉండాలో ఆ రోజు హాల్లో ఉన్నవాళ్లని బట్టే తేలుతుంది. లండన్ యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు 2017లో ఒక సంగీత నాటకానికి వచ్చిన పన్నెండు మంది ప్రేక్షకుల గుండె వేగాన్ని కొలిస్తే, అవి కలిసి పెరిగి కలిసి తగ్గుతున్నాయని తేలింది. పన్నెండు మంది చాలా తక్కువే, దాని మీద సిద్ధాంతం కట్టలేం. కానీ ఆ నిశ్శబ్దంలో కూర్చున్నవాళ్లెవరికీ ఇది వింతగా అనిపించదు.

ఇక చూడబోయేవాళ్లకి. పాటలన్నీ ముందే వినేసి వెళ్లకండి. అసలేమీ వినకుండా వెళ్లడం కూడా, భాష పూర్తిగా అలవాటు లేనివాళ్లకి నష్టమే, ఎందుకంటే మొదటి పాటలో మాటలు అందకపోతే తిరిగొచ్చినప్పుడు తగలడానికి ఏమీ ఉండదు. నా సలహా: మొదటి అంకంలో తొలి రెండు మూడు పాటలు సాహిత్యం చూస్తూ ఒకసారి వినండి, రెండో అంకం జోలికి వెళ్లకండి. కథ మొదటి సగం వరకే చదవండి. తెర లేవకముందే సీట్లో ఉండండి. ఓవర్చర్ (ఆరంభంలో ఆర్కెస్ట్రా వాయించే సంగీతం) ఉన్న నాటకమైతే బాణీల విత్తనాలు అక్కడే పడతాయి. పది నిమిషాలు ఆలస్యంగా వచ్చినవాళ్లు కథ అందుకోగలరు గానీ బాణీని అందుకోలేరు. సీటు మరీ ముందు వరసల్లో వద్దు, అక్కడ డ్రమ్ముల మోత గొంతుని మింగేస్తుంది. కింద హాలు మధ్యలో ఎనిమిదో వరస నుంచి పన్నెండో వరస దాకా, లేదా మొదటి బాల్కనీ ముందు వరస బాగుంటాయి. బాల్కనీ కప్పు కిందకి లోతుగా ఉన్న సీట్లలో ధ్వని మూటకట్టినట్టుంటుంది, స్టేజీ పైభాగం కనపడదు. ఇంటర్వెల్లో ఫోను తెరవకండి. లోపల కూడుతున్నది ఆ పదిహేను నిమిషాల్లోనే చెదిరిపోతుంది.

ఆఖరి వందనం అయ్యాక ఆర్కెస్ట్రా ఇంకా వాయిస్తూనే ఉంటుంది. జనం లేచి కోట్లు సర్దుకుంటారు. కూర్చోండి. రెండు మూడు నిమిషాలే. ఆ రాత్రే, పడుకునే ముందు, ఐదారు వాక్యాలు రాసుకోండి. కథ రాయక్కర్లేదు, అది ఎక్కడైనా దొరుకుతుంది. గొంతు పట్టేసిన క్షణంలో లైటు ఏ రంగులో ఉంది, నటి చేతులు ఏం చేస్తున్నాయి, పక్కవాళ్లు ఎలా ఉన్నారు, ఇవి రాయండి. తెల్లారేసరికి వీటిలో సగం కరిగిపోతాయి. మరుసటి రోజు లోపల వెలితిగా ఉంటే కంగారు పడకండి, చాలామందికి ఉంటుంది, రెండు మూడు రోజుల్లో సర్దుకుంటుంది.

ఆ వెలితిని పూడ్చడానికి ఆల్బమ్ పెట్టుకుని రోజుకి పదిసార్లు వినడమే అందరూ చేసే పొరపాటు. జ్ఞాపకం తలుచుకున్న ప్రతిసారీ కొంచెం మారుతుంది. ఆ పాట బస్సు ప్రయాణంతో, వంటపనితో, ట్రాఫిక్‌తో ముడిపడిపోయాక, హాల్లో చీకటితో దాని ముడి వదులవుతుంది. ఒక వారం ఆగి, ఒకసారి, మరే పనీ పెట్టుకోకుండా మొదటినుంచి చివరిదాకా వినండి. తర్వాత మీ ఇష్టం.

మళ్లీ చూడాలనిపిస్తే కొన్ని నెలలు గడిచాక వెళ్లండి. మొదటిసారి కన్నీళ్లు వచ్చిన చోట ఈసారి రాకపోవచ్చు, దాన్ని వెతుక్కోకండి. రెండోసారి ఏడుపు ముందే వస్తుంది. మొదటి పావుగంటలో, ఇంకా ఏ కష్టమూ తెలియని ఆ పాత్ర తనకేం కావాలో హుషారుగా పాడుతుంటుంది. ఆ బాణీ ఎక్కడికి వెళ్లి ఎలా తిరిగొస్తుందో హాల్లో మీకు తెలుసు, ఆమెకి తెలియదు.