కాంటూరు లేని ఊరు

ఆదివారం, రాత్రి 9.

ఆఫీసులో ఒకాయన ఇచ్చిన పాత టోపోషీట్ల, అంటే నేల ఎత్తుపల్లాలు చూపే మ్యాపుల, జిరాక్సులు ఇవాళ్టికి తెరిచాను. అంగుళానికి మైలు లెక్కన సర్వే ఆఫ్ ఇండియా వేసినవి, 65 డి అనే నంబరు వరసలోవి. జిరాక్సు కదా, నీలం వాగూ, ఒకే ఎత్తున్న చోట్లను కలిపే గోధుమరంగు కాంటూరు గీతా అన్నీ నలుపే. ఇంకో తిప్పలేమిటంటే బెజవాడ దగ్గరే ఒక షీటు అయిపోయి ఇంకోటి మొదలవుతుంది. హాల్లో నేల మీద పరిచి రెంటినీ టేపుతో అతికించాను. పై షీటు అడుగున కృష్ణకు అడ్డంగా 1855 నాటి ఆనకట్ట ఉంది. 1957లో వచ్చిన ప్రకాశం బ్యారేజీ లేదు.

ఇంద్రకీలాద్రి, మంగళగిరి కొండల దగ్గర గీతలు కిక్కిరిసి ఉన్నాయి. అక్కణ్ణుంచి కిందికి దిగితే డెల్టా అంతా బోసి. కాంటూరు గీత యాభై అడుగుల ఎత్తుకొకటి. మా నేలకు అంత ఎత్తెక్కడిది? కరకట్ట పక్కన మాత్రం చిన్న అంకె, దాని వెంట ఇంగ్లీషు ఆర్. అంటే చుట్టుపక్కల నేలకంటే కట్ట అన్ని అడుగులు ఎత్తు అని. ఇక్కడ అదే కొండ. 2024 సెప్టెంబరులో బుడమేరు పొంగినప్పుడు మా వీధిలో ఒక అరుగు మునిగింది, పక్క అరుగు మునగలేదు. తేడా జానెడు. ఏ మ్యాపు చూపిస్తుంది దాన్ని?

అమ్మ గోంగూర ఒలుస్తూ వచ్చి పక్కన కూలబడింది. "మా లంక ఏదిరా ఇందులో?"

వెతికి చూపించాను. నది మధ్య చుక్కలు చుక్కలుగా ఉంది.

"ఇసుకేనమ్మా."

"ఇసుకేంటి! పసుపు వేసేవాళ్లం, కంద వేసేవాళ్లం. అరటి గెల ఒక్కడు మొయ్యలేకపోయేవాడు."

మ్యాపు అమ్మ పుట్టకముందుది. తర్వాత ఏ వరదకో ఒండ్రు మేట వేసి పొలమైనట్టుంది. అమ్మ పెళ్లయ్యాక అదీ కోతకు పోయింది. పట్టా కాగితం ఇప్పటికీ మావయ్య బీరువాలో ఉంది. శిస్తు కట్టిన రసీదులతో సహా.

అమ్మ పెన్సిలు అడిగి తీసుకుని చుక్కల మీద గళ్లు గీసింది. "ఇదిగో, రెండెకరాలు" అంది. ఆ స్కేలులో రెండెకరాలంటే ఆవగింజంత. అమ్మ గీసింది రేగిపండంత ఉంది.