ఇరవై బస్సులు, ఐదు వేల కిలోవాట్లు

నిన్న సాయంత్రం నా ఎంటెక్ ప్రాజెక్టు మీద చివరి సంతకం పడింది. వరంగల్, హనుమకొండ, కాజీపేటల మధ్య తిరిగే ఇరవై సిటీ బస్సుల స్థానంలో తక్కువ ఖర్చుతో ఎలక్ట్రిక్ బస్సులు నడిపే ప్రణాళిక అది.

రూట్ల లెక్క వారంలో తేలింది. కండక్టర్లను అడగండి, కాగితాలను నమ్మకండి.

చిక్కంతా కరెంటు దగ్గరే. డిపో లైనుకు ఎంత ఖర్చవుతుందో అంచనా కోసం ఒక కార్యాలయానికి వెళ్లాను. మొదటిసారి సార్ లేరు. రెండోసారి ఫారం మారిందన్నారు. మూడోసారి, కాలిపోయిన ట్రాన్స్‌ఫార్మర్ల కోసం వచ్చిన రైతుల మధ్య గంటన్నర నిలబడ్డాక నా కాగితం ఆయన చేతికి చేరింది. బస్సుకు 250 యూనిట్ల బ్యాటరీ, బస్సులు ఇరవై. గుణించి లోడు గడిలో 5,000 కిలోవాట్లు అని రాశాను.

ఆయన కళ్లద్దాలు సర్దుకుని అందరికీ వినబడేలా చదివారు. "ఎంటెక్ చదువుతున్నారా అమ్మా? ముందు సబ్‌స్టేషన్ కట్టుకోండి, బస్సుల సంగతి తర్వాత చూద్దాం." తప్పెక్కడో చెప్పలేదు. గదంతా నవ్వింది. ఆ అంకెను మా గైడ్ కూడా చూసి సరేనన్నారు, ఆ మాట అక్కడ చెప్పుకోలేను కదా!

బయట వేపచెట్టు కింద కూర్చుంటే, వరుసలో నా వెనుక నిలబడిన పెద్దాయన వచ్చి కాగితం చూశారు. "బావిలో నీళ్లెన్నో రాశావు బిడ్డా. వాళ్లడిగేది మోటారు ఎంతదని."

యూనిట్లంటే బ్యాటరీలో పట్టే కరెంటు, లోడు గడిలో రాయాల్సిన కిలోవాట్లు ఒకేసారి లాగే కరెంటు. ఆ రాత్రే మళ్లీ లెక్క వేశాను. బస్సు రోజుకు 180 కిలోమీటర్లు తిరిగితే, కిలోమీటరుకు 1.2 యూనిట్ల చొప్పున 216 యూనిట్లు. మే నెల ఎండల్లో ఏసీ వేస్తే ఇంకా ఎక్కువ. ఇరవై బస్సులకు 4,320 యూనిట్లు. రాత్రి పదకొండు నుంచి ఐదు దాకా నింపితే 720 కిలోవాట్లు, నష్టాలు కలిపి 800.

ఆ తర్వాతి ఆలోచన మాత్రం పూర్తిగా నాదే. మధ్యాహ్నం రద్దీ తగ్గాక 120 కిలోవాట్ల చార్జర్లు ఆరింటి దగ్గర బస్సుకు నలభై నిమిషాలు వంతు వేస్తే, రెండు గంటల నలభై నిమిషాల్లో అన్నిటికీ 80 యూనిట్లు ఎక్కుతాయి. లోడు పెరగదు. 250 యూనిట్ల బ్యాటరీ బదులు 180 చాలు. బస్సులో అన్నిటికన్నా ఖరీదైనది బ్యాటరీయే.

నాలుగోసారి అదే బల్ల, అదే సార్. 800 చూశారు. 11 కేవీ లైను సరిపోతుందని రాసి ముద్ర వేశారు. ఈసారి మాత్రం పైకి చదవలేదు.