తుపాకీ చప్పుడు, గీతల చప్పుడు

మూడేళ్లుగా నేను ఒకే ఒక్క పాటకి మంచి కాపీ కోసం వెతుకుతున్నాను. స్పైక్ జోన్స్ అనే అమెరికన్ హాస్య సంగీతకారుడి బృందం 1944 నవంబరు 29న హాలీవుడ్‌లో రికార్డు చేసిన 'కాక్‌టెయిల్స్ ఫర్ టూ' అది. మూడు నిమిషాలు కూడా ఉండదు. కోరస్ మెత్తగా ఎత్తుకుంటుంది, కార్ల్ గ్రేసన్ ఎంతో పద్ధతిగా ప్రేమ పాట మొదలుపెడతాడు. అంతలో ఎక్కడిదో ఒక కేక. ఇక అక్కడి నుంచి ఆవు మెడ గంటలు, కారు హారన్లు, తుపాకీ మోతలు, ఎక్కిళ్లు.

మొదటిసారి ఒహాయోలో మా ఇంట్లో ఈ రికార్డు పెట్టినప్పుడు నర్సీపట్నం నుంచి నాన్న ఫోన్‌లో ఉన్నారు. "ఏటమ్మా ఆ సప్పుడు? గిన్నెలేటైనా పడ్డాయా?" అని కంగారు పడ్డారు. "పాటే నాన్నా" అన్నాను. నమ్మలేదు.

ఇలాంటి రికార్డుల్ని అమెరికాలో నావెల్టీ రికార్డులంటారు. నవ్వులాటకి చేసినవే కదా, ఎలా వినిపిస్తే ఏముందని చాలామంది అనుకుంటారు. నాకు మాత్రం వీటి ధ్వని మీద ప్రాణం. స్పైక్ జోన్స్ స్వయంగా డ్రమ్మర్. ఆ గంటలన్నీ శ్రుతి చేసినవే, తుపాకీ పేలేది సరిగ్గా తాళం మీదే. రికార్డు అరిగిపోయి బరబరలాడుతుంటే ఆ లెక్క చెవికి అందదు, ఉత్త గోల మిగులుతుంది.

నా మొదటి కాపీ ఒక ఎస్టేట్ సేల్‌లో, అంటే ఎవరింట్లోనో ఉన్న సామానంతా అమ్మేసే చోట, పాత పుస్తకాల అడుగున దొరికింది. పైకి నిగనిగలాడుతోంది. ముల్లు పెట్టగానే పెనంలో నూనె చిటపటలాడినట్టు మోత. గీతలేమో కనపడవు! కారణం తెలుసుకున్నాక నాకు మా ఊరు గుర్తొచ్చింది. ఎందుకంటే నిమిషానికి 78 సార్లు తిరిగే అప్పటి రికార్డుల్లో (వీటినే 78లు అంటారు) ముఖ్యమైన సరుకు లక్క. మా నర్సీపట్నం పక్కన ఏటికొప్పాక వాళ్లు అంకుడు కర్ర బొమ్మల మీద మెరుపుకి పట్టించే లక్కే. మోదుగ లాంటి చెట్ల కొమ్మల మీద పురుగులు పెట్టే ఆ జిగురు ఎక్కువగా మన దేశం నుంచే అమెరికాకి వెళ్లేది. రెండో ప్రపంచ యుద్ధం వచ్చి ఓడల దారులు ప్రమాదంలో పడ్డాయి, ఉన్న లక్క సైన్యానికి కావాల్సి వచ్చింది. 1942లో అక్కడి ప్రభుత్వం రికార్డు కంపెనీల వాడకంలో 70 శాతం కోత పెట్టింది. దాంతో పాత రికార్డులు వెనక్కి తీసుకుని, పొడి చేసి, మళ్లీ కరిగించి కొత్తవి అచ్చువేశారు. నా కాపీలో వినపడే చిటపట ఎవరూ గీకడం వల్ల వచ్చింది కాదు, ఆ రికార్డు పుట్టుకతోనే ఉంది.

కాబట్టి మొదటి ముద్రణ కోసం పరుగెత్తడం మానేశాను. సేకరించేవాళ్లకి మొదటిదే ముద్దు, కానీ ధ్వని కోసమైతే యుద్ధం తర్వాత అదే అచ్చు నుంచి మంచి సరుకుతో తీసినవి వెతకాలి. గుర్తుపట్టడం తేలికే. తొలి కాపీల లేబుల్ మీద విక్టర్ అని ఉంటుంది, తర్వాతి వాటి మీద ఆర్‌సీఏ విక్టర్ అని ఉంటుంది. అలాంటిది ఒకటి ఆన్‌లైన్‌లో తెప్పిస్తే నాలుగు ముక్కలై వచ్చింది. ఆ రోజు నాకు అన్నం సహించలేదు.

మధ్యలో ఎల్పీలూ (తర్వాత వచ్చిన సన్న గాళ్ల వినైల్ రికార్డులు) సీడీలూ కూడా ప్రయత్నించాను. 1960లలో ఒకే ఛానెల్‌లో రికార్డైన పాత మోనో పాటల్ని రెండు ఛానెళ్ల స్టీరియో అని అమ్మడానికి పై స్వరాలు ఒక పక్కకి, కింది స్వరాలు ఇంకో పక్కకి తోసేవారు. అలాంటి ఎల్పీలో గ్రేసన్ నూతిలోంచి పాడినట్టుంటాడు. దాన్ని వదిలేయండి. నేను కొన్న ఒక సీడీ మరీ బాధపెట్టింది. చిటపటని తీసేసే సాఫ్ట్‌వేర్‌కి గీత చప్పుడేదో తుపాకీ చప్పుడేదో తెలియదు. రెండూ హఠాత్తుగా లేచి పడే శబ్దాలే. గీతలతో పాటు తుపాకీ మొననీ గంట అంచునీ చెక్కేసింది. మామూలు పాటలో ఇది చిన్న నష్టం, స్పైక్ జోన్స్ పాటలో ప్రాణం తీయడమే. చిటపట కొంచెం ఉన్నా ఫర్వాలేదు, గంట గంటలా మోగాలి.

కిందటి డిసెంబరులో ఒక పాత సామాన్ల దుకాణంలో ఆర్‌సీఏ విక్టర్ లేబుల్ కాపీ దొరికింది, మూడు డాలర్లు. ఇంటికొచ్చి డిస్టిల్డ్ వాటర్‌లో ఒక్క చుక్క సబ్బు వేసి కడిగాను. ఆల్కహాల్ కలిసిన క్లీనర్ మాత్రం వాడకండి, లక్క కరిగిపోతుంది. ఎల్పీ ముల్లు కూడా వద్దు. అది గాడి అడుగున దొర్లుతూ మట్టిని చదువుతుంది. 78కి దాదాపు మూడు రెట్లు లావు ముల్లు, అంగుళంలో వెయ్యో వంతులు మూడు, కావాలి. కొంచెం తేడాలున్న ముళ్లు రెండు మూడు దగ్గర పెట్టుకుంటే, పాత ముళ్లు అరగదీయని ఎత్తులో గాడి గోడని పట్టుకోవచ్చు. నా కాపీకి వెయ్యో వంతులు 2.8 ఉన్న ముల్లు కుదిరింది. రెండు ఛానెళ్లనీ కలిపి మోనో చేయగానే సగం బరబర అణిగింది. అప్పుడు వినపడింది, ఎక్కిలికి ముందు తీసుకునే చిన్న ఊపిరి. మూడేళ్లలో నేను విన్న ఏ కాపీలోనూ అది లేదు.

ఇంకా మంచివి ఉన్నాయని తెలుసు. ఈ బృందం రేడియో స్టేషన్ల కోసం 16 అంగుళాల ట్రాన్స్‌క్రిప్షన్ డిస్కులు చేసింది. సైనికుల కోసం వేసిన వి-డిస్కులూ ఉన్నాయి. వినైల్ రకం ప్లాస్టిక్ మీద వేసేవారు కాబట్టి చిటపట చాలా తక్కువ. నా టర్న్‌టేబుల్ మీద 16 అంగుళాలది పట్టదు. ముల్లు పట్టుకునే పొడుగు చెయ్యి ఉన్న పెద్ద టర్న్‌టేబుల్ కలిగిన పెద్దాయన ఒకరు మా ఊరికి గంట దూరంలో ఉన్నారు. వచ్చే శనివారం రమ్మన్నారు. నా కాపీ కూడా తీసుకెళ్తున్నాను, రెండు తువ్వాళ్ల మధ్య పెట్టి.