ఆ రాత్రంతా ముక్కు గోక్కుంటూనే ఉన్నాను

పురిటి నొప్పులు తట్టుకోలేక వెన్నుకి ఎపిడ్యూరల్ పెట్టించుకున్నాను, అంటే నడుములో సన్నటి ట్యూబు పెట్టి అందులోంచి మత్తు ఎక్కించడం. సాయంత్రానికి బిడ్డ గుండె వేగం పడిపోతోందని ఆపరేషన్ అన్నారు. ట్యూబు అప్పటికే నడుములో ఉంది కాబట్టి మళ్ళీ గుచ్చలేదు, అందులోంచే గట్టి మోతాదు మత్తు ఎక్కించారు. కోస్తున్నప్పుడు నొప్పి లేదు. బీరువాలో అడుగున ఉన్న చీర కోసం ఎవరో వెతుకుతున్నట్టు లోపల లాగడం మాత్రం తెలుస్తూనే ఉంది.

పాప పుట్టాక మత్తు డాక్టరు గారు ఆ ట్యూబులోకే ఇంకో చిన్న సిరంజి ఎక్కిస్తూ, "మార్ఫిన్ అమ్మా, 3 మిల్లీగ్రాములు. మెల్లగా ఎక్కుతుంది, రేపటి దాకా నొప్పి రాకుండా కాస్తుంది. కాస్త దురద పెట్టొచ్చు" అన్నారు. పాప ఏడుపు వింటున్నాను. ఆ చివరి మాట చెవికెక్కలేదు.

రూముకి తెచ్చాక నా టెన్షన్ అంతా కాళ్ళ గురించే. కాళ్ళకి స్పర్శ వచ్చిందంటే కుట్లకీ వచ్చినట్టే కదా! తొమ్మిదింటికి బొటనవేలు కదిలింది, పదింటికి మోకాలు మడవగలిగాను. కుట్ల దగ్గర మాత్రం తడిబట్ట మడిచి పెట్టినంత బరువు, దగ్గితే చిన్న కలుక్కు, అంతే. తర్వాత డాక్టరు గారిని అడిగి తెలుసుకున్నాను. మత్తుమందు నరాలని మొద్దుబారుస్తుంది, అందుకే కాళ్ళు కూడా పడిపోతాయి. మార్ఫిన్ వెన్నుపాములో నొప్పి కబురు పైకి పోయే చోట పనిచేస్తుంది, కాళ్ళ జోలికి పోదు.

పదకొండింటికి ముక్కు దురద మొదలైంది. తర్వాత బుగ్గలు, మెడ, ఛాతీ. గోకిన చోట ఆగదు, పక్కకి జరుగుతుంది. అమ్మ కంగారుపడి "దీనికి మందు పడలేదమ్మాయ్" అంటూ సిస్టర్‌ని లాక్కొచ్చింది. ఆవిడ టార్చి వేసి చూసి, "దద్దుర్లు లేవు కదా ఆంటీ. ఇది అలర్జీ కాదు, మార్ఫిన్ దురద" అంది. అలర్జీకి వేసే అవిల్ వెయ్యమంటే ఒప్పుకోలేదు, ఈ దురదకి అది పెద్దగా పనిచెయ్యదట, పైగా మగత. రాత్రి రెండింటికి డాక్టరు గారితో ఫోన్‌లో మాట్లాడి నాల్బుఫిన్ అని ఇంకో మందు కొంచెం ఇంజెక్షన్ చేసింది. దురద సగానికి తగ్గింది, నొప్పి మాత్రం తిరిగి రాలేదు.

ఆ సిస్టరే గంటగంటకీ వచ్చి, మాట్లాడకుండా మంచం పక్కన నిలబడి వాచీ చూసుకునేది. డ్యూటీ ఎప్పుడు దిగాలా అని చూసుకుంటోందేమో అనుకున్నాను! మూడోసారి అడిగితే, నా ఊపిరి లెక్కపెడుతోందట. వెన్నులోకి ఇచ్చిన మార్ఫిన్ కొన్ని గంటల తర్వాత కూడా అరుదుగా శ్వాసని మందగింపజేస్తుందట. నిద్రలో ఉన్నా "ఏమ్మా" అని పిలిచి, పలికితేనే వెళ్ళేది. అప్పుడు విసుక్కున్నాను, పాపం.

పాలివ్వొచ్చా అన్నది ఇంట్లో పెద్ద చర్చే. ఈ మోతాదులో పాలలోకి వెళ్ళేది చాలా తక్కువని పిల్లల డాక్టరు చెప్పారు. ముర్రుపాలు ఆ రాత్రే పట్టాను.

పొద్దున ట్యూబు తీశారు. గాలం తీగంత సన్నం. కొస తెగకుండా మొత్తం వచ్చిందని డాక్టరు గారు చూసి మరీ రాసుకున్నారు.

దెబ్బ తిన్నది ఇక్కడే. మార్ఫిన్ దిగేలోపే పారాసిటమాల్, డైక్లోఫెనాక్ టైముకి పడుతూ ఉండాలి. నా షీటులో మాత్రం "అడిగితే ఇవ్వండి" అని రాసి ఉంది. నొప్పి లేనిదే నేనెందుకు అడుగుతాను? పగలంతా హాయిగా పాపని చూసుకుంటూ కూర్చున్నాను. రాత్రి ఎనిమిదింటికి బాత్రూమ్‌కని లేచేసరికి కుట్ల దగ్గర కత్తి దింపినట్టయింది. గోడ పట్టుకుని అక్కడే ఉండిపోయాను, ఏడవడానికి కూడా పొట్ట సహకరించలేదు. మందులు వేశాక ఆ నొప్పి లొంగడానికి రెండు గంటలకి పైనే పట్టింది. ఆ తర్వాత ఆరు గంటలకోసారి పారాసిటమాల్‌కి అలారం మా ఆయన ఫోన్‌లో పెట్టించాను, నొప్పి ఉన్నా లేకపోయినా. ఇంటికొచ్చాక కూడా నాలుగు రోజులు అది మోగుతూనే ఉంది.

పాపతో దిగిన మొదటి ఫొటోలో నా ముక్కు ఎర్రగా కందిపోయి ఉంటుంది. చూసినవాళ్ళందరూ బాగా ఏడ్చావా అని అడుగుతారు.