ఇంట్లో సీఎన్‌సీ రౌటర్ కట్టడం: ఏ భాగం ఎందుకు ఎంచుకున్నానో, నా అనుభవం

సీఎన్‌సీ రౌటర్ అంటే కంప్యూటర్ చెప్పినట్టు కదులుతూ, తిరిగే కట్టర్‌తో కోసే మిషన్. నా రౌటర్ కోసే జాగా 600 × 900 మి.మీ., పైకీ కిందికీ కదలిక 120 మి.మీ. ఒంగోలులో ఇంటి పక్క రేకుల షెడ్డులో నడుస్తోంది. టేకు, వేప తలుపు పలకల మీద చెక్కుడు, ఎండీఎఫ్ (చెక్కనారను జిగురుతో నొక్కిన పలక) జాలీలు, అప్పుడప్పుడు 6 మి.మీ. అల్యూమినియం ప్లేటు దాని పని. ఈ కొలతా ఈ పనీ కాగితం మీద రాసుకున్నాకే మిగతా భాగాలన్నీ తేలాయి. ఉదయగిరి చెక్క గరిటెల్లాంటి చిన్న సరుకు చేసేవాళ్ళకి 300 × 400 చాలు. నిలువు తలుపు మొత్తం ఒకేసారి పట్టాలంటే మాత్రం 16 మి.మీ. బాల్ స్క్రూ (గుండ్ల నట్టుతో భాగాలను జరిపే మర కడ్డీ) పనికిరాదు, రాక్-పినియన్‌కు (పళ్ళ పట్టీ మీద పళ్ళ చక్రం నడిచే ఏర్పాటుకు) పోవాలి.

డబ్బు ముందు ఫ్రేముకీ, రైళ్ళకీ (కదిలే భాగాలు జారే ఉక్కు పట్టాలకీ) పెట్టాలి. మోటారు చిన్నదైతే రేపు మార్చుకోవచ్చు, ఫ్రేము ఊగితే మార్చడానికేమీ ఉండదు. అడ్డదూలానికి, అంటే గ్యాంట్రీకి, 100 × 50 × 4 మి.మీ. ఎంఎస్ (మామూలు ఉక్కు) పెట్టె పైపు వాడాను. చవకని సి-చానల్ తీసుకోకండి. తెరిచిన ఆకారం మెలికకు ఆగదు, కట్టర్ మొనలో అది అదురుగా బయటపడుతుంది. అదే పైపుతో దూలం పొడవు రెట్టింపైతే నడిమి వంపు ఎనిమిది రెట్లవుతుంది. అందుకే అడ్డం 600 దాటనివ్వలేదు. వెల్డింగు ఒకే వైపు గబగబా లాగితే ఫ్రేము వంకరపోతుంది. ముందు అన్ని మూలలా టాకాలు వేసి, కర్ణాలు రెండూ కొలిచి, తర్వాత ఎదురెదురు మూలల్లో కొంచెం కొంచెంగా నింపించాలి.

రైళ్ళలో రెండు చివర్లే ఆనే ఉత్త గుండ్రటి రాడ్లు ఈ కొలతకు వద్దు, నడుమ కుంగుతాయి. ఎస్‌బీఆర్16 అనే 16 మి.మీ. గుండ్రటి రైలు కింద పొడవునా ఆధారం ఉంటుంది, చెక్క వరకు ఫర్వాలేదు. కానీ దాని మీద జారే బ్లాకు అడుగున తెరిచి ఉంటుంది కాబట్టి పైకి లేపే బలానికి తక్కువ ఆగుతుంది. అల్యూమినియం కూడా కోయాలి కాబట్టి పొడుగు దిక్కుకు హెచ్‌జీఆర్20, జెడ్‌కు (పైకీ కిందికీ కదిలే దిక్కుకు) హెచ్‌జీఆర్15 చదరపు రైళ్ళు తీసుకున్నాను.

చదరపు రైళ్ళతో చిక్కేమిటంటే, అవి కూర్చునే చోటు చదునుగా లేకపోతే బోల్టులు బిగించగానే రైలు కూడా ఆ వంకరే పడుతుంది, బ్లాకు ఒకచోట జారుతూ ఒకచోట పట్టేస్తుంది. వెల్డింగ్ షాపు ఫ్రేము మీద అంత చదును రాదు. పెద్ద మిల్లింగ్ మిషన్ మీద పెట్టించి తీయించడం ఒక దారి. మనకు గ్రానైట్ గనుల చీమకుర్తి పక్కనే ఉంది కాబట్టి నేను రెండో దారి పట్టాను. 20 మి.మీ. మందం పాలిష్ గ్రానైట్ పలక, రెండు రైళ్ళనూ ఒకేసారి కప్పేంత వెడల్పుది. మెరిసే పలకల్లో ప్రతిదీ చదును కాదు. ఉక్కు బద్దను నిలువునా, అడ్డంగా, ఐమూలగా పెట్టి, కింద 0.05 మి.మీ. ఫీలర్ గేజ్ (సందు కొలిచే పలచటి రేకు) ఎక్కడా దూరని పలకనే ఏరుకోవాలి. ఎపాక్సీ (కలిపాక గట్టిపడే జిగురు) అంటుకోకుండా దానికి మైనం రెండుసార్లు పూసి తుడవాలి. రైలు కూర్చునే పట్టీలను గరుకు కాగితంతో రుద్ది, ఉక్కు పొడి కలిసిన ఎపాక్సీ పేస్టు పూసి, పలకను బోర్లించాలి. మర్నాడు పలక తీస్తే రెండు పట్టీలూ ఒకే తలంలో ఉంటాయి. 0.6 × 0.9 మీటర్ల పలక 30 కిలోలు దాటుతుంది, ఇద్దరు పట్టుకోవాలి. మే నెల మధ్యాహ్నం ఈ పని పెట్టుకోకండి, ఎండకు ఎపాక్సీ చేతిలోనే గట్టిపడుతుంది. తెల్లవారుజాము మేలు.

స్క్రూల లెక్క. ఎస్‌ఎఫ్‌యూ1605 అంటే 16 మి.మీ. లావు, చుట్టుకు 5 మి.మీ. జరుగుడు. ఒక చివర గట్టిగా బిగించి రెండో చివర ఆధారం ఇస్తే, మీటరు పొడవు స్క్రూ నిమిషానికి దాదాపు 1,900 చుట్లు దాటాక తాడులా ఊగడం మొదలెడుతుంది. రెండు చివరలా ఉత్త ఆధారమే ఇస్తే ఆ హద్దు 1,270 దగ్గరికి పడిపోతుంది. అందుకే బీకే12 (గట్టిగా బిగించే చివర), బీఎఫ్12 (ఆధారమిచ్చే చివర) బేరింగు జత వదలకండి. స్టెప్పర్‌కు (ఒక్కో అడుగుగా తిరిగే మోటారుకు) నిమిషానికి 600 చుట్ల పైన బలం తగ్గుతూ పోతుంది కాబట్టి, పొడుగు దిక్కుకు చుట్టుకు 10 మి.మీ. జరిగే 1610 పెట్టాను. నిమిషానికి 5 మీటర్ల వేగానికి 500 చుట్లు సరిపోతాయి. అడ్డానికి, జెడ్‌కు 1605. కరెంటు పోతే జెడ్ తనంతట తాను దిగుతుందని మర్చిపోకండి. బాల్ స్క్రూకు పట్టు ఉండదు, స్పిండిల్ (కట్టర్‌ను తిప్పే మోటారు) బరువు నాలుగైదు కిలోలు. బ్రేకు మోటారో, గ్యాస్ స్ప్రింగో ఉండాలి.

మోటార్లు నెమా 23 కొలత స్టెప్పర్లు, 3 ఆంపియర్ల రకం. డ్రైవర్ (మోటారుకు కరెంటు అందించే పెట్టె) డీఎం542. దాని మీది 4.2 అనేది శిఖర విలువ, ఆర్‌ఎంఎస్ లెక్కన, అంటే నికరంగా పనిచేసే విలువ, 3 ఆంపియర్లే. అందుకే 3 ఆంపియర్ల మోటారుకు సరిగ్గా కుదురుతుంది. గరిష్ఠం 50 వోల్టులు కాబట్టి 48 వోల్టుల సప్లై పెడితే, వేగం తగ్గించేటప్పుడు మోటారు వెనక్కి తోసే కరెంటుకు చోటు ఉండదు. 36 వోల్టులు, 10 ఆంపియర్లు మూడు మోటార్లకు చాలు. డ్రైవర్‌కు కరెంటు ఉండగా మోటారు తీగ ఊడదీస్తే డ్రైవర్ పోతుంది. అందుకని తీగలు స్క్రూలతో బిగించే కనెక్టర్లకే కలపండి.

ఆర్డుయినో ఊనో అనే చిన్న కంట్రోలర్ బోర్డు మీద నడిచే జీఆర్‌బీఎల్ ప్రోగ్రాము సెకనుకు దాదాపు 30,000 స్టెప్పులే పంపగలదు. 200 స్టెప్పుల మోటారుకు 8 మైక్రోస్టెప్పులు (ఒక్కో స్టెప్పును డ్రైవర్ 8 ముక్కలు చేయడం), 1605 స్క్రూ అయితే మి.మీ.కు 320. అంటే నిమిషానికి 5,600 మి.మీ. వరకు. మైక్రోస్టెప్పులు 16 చేస్తే హద్దు 2,800కి పడిపోతుంది. ఎక్కువ మైక్రోస్టెప్పులతో ఎక్కువ ఖచ్చితత్వం వస్తుందనుకోవడం భ్రమ, 8 దగ్గర ఆగండి. ఈ 320ని టేపు కొలిచి దిద్దకండి. సీ7 తరగతి స్క్రూ తప్పే 300 మి.మీ.కు 0.05, మన టేపు తప్పు అంతకంటే పెద్దది.

స్పిండిల్ 1.5 కిలోవాట్లు, నీటితో చల్లబడేది. అందులో ఈఆర్11 కొల్లెట్ (కట్టర్‌ను పట్టే బిగింపు) 7 మి.మీ. వరకు పట్టుకుంటుంది, 6 మి.మీ. కట్టర్లకు చాలు. 2.2 కిలోవాట్లది ఇంటి సింగిల్ ఫేజ్ లైను మీద బరువే. నా స్పిండిల్‌ను నడిపే వీఎఫ్‌డీని (కరెంటు ఫ్రీక్వెన్సీ మార్చి వేగం మార్చే పెట్టెను) కొత్తగా పెట్టెలోంచి తీసి నేరుగా కలపడం స్పిండిల్ కాలిపోయే దారుల్లో మొదటిది. చాలావాటిలో బేస్ ఫ్రీక్వెన్సీ (పూర్తి వోల్టేజి అందే ఫ్రీక్వెన్సీ) 50 హెర్ట్జ్ అని ఉంటుంది. ఈ స్పిండిల్ 400 హెర్ట్జ్‌కు 220 వోల్టులు తీసుకునేది. 50కే పూర్తి వోల్టేజి అందితే లోపలి తీగచుట్ట మాడిపోతుంది. బేస్ 400, గరిష్ఠం 400, కనిష్ఠం 120, పోళ్ళు 2, స్పిండిల్ మీద రాసిన ఆంపియర్లు: ఇవి నింపాకే తీగలు కలపాలి. 400 హెర్ట్జ్‌కు 24,000 చుట్లు. ముందు పంపు ఆన్ చేసి, గొట్టంలో నీళ్ళు తిరగడం కంటితో చూసి, తర్వాతే స్పిండిల్.

అకారణంగా మిషన్ ఆగిపోతుంటే ముందు అనుమానించాల్సింది వీఎఫ్‌డీ నుంచి తీగల్లోకి వచ్చే విద్యుత్ రొదనే. స్పిండిల్‌కు పోయేది కవచం ఉన్న నాలుగు తీగల కేబుల్ కావాలి, నాలుగోది ఎర్తు. లిమిట్ స్విచ్ (కదలిక చివర మిషన్‌ను ఆపే స్విచ్) తీగలు దానికి దూరంగా, వేరే దారిలో పోవాలి. వాటి కవచాన్ని కంట్రోలర్ వైపు ఒక్క చివరే ఎర్తు చేయాలి. స్విచ్చులు మామూలుగా మూసి ఉండే రకం తీసుకుంటే తీగ తెగినా మిషన్ ఆగుతుంది.

మొదటి కోత ఎండీఎఫ్‌లో, రెండు పళ్ళ 6 మి.మీ. కట్టర్‌తో, 18,000 చుట్లు, నిమిషానికి 3,000 మి.మీ., లోతు 3 మి.మీ. పెట్టాను. పంటికి 0.08 మి.మీ. పడుతుంది. వేగం భయంతో 800కి దించితే కట్టర్ కోయదు, రాపాడుతుంది. పొట్టు పిండిలా మారి చెక్క మాడు వాసన వస్తుంది.

సముద్రగాలి ఉన్న ఊళ్ళలో రైళ్ళకు తుప్పు త్వరగా పడుతుంది. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానల్లో ఎండీఎఫ్ బల్లపలక కూడా ఉబ్బుతుంది. ఆ నెలల్లో వారానికోసారి రైళ్ళ మీది పొట్టు తుడిచి, 68 గ్రేడు నూనె గుడ్డతో పూస్తాను. వానలు తగ్గాక బల్లపలకను స్పిండిల్‌తోనే అర మిల్లీమీటరు చదును చేస్తాను.